వార్చకూడని గిన్నె

మంగళవారం నాడు చుట్టాలొస్తున్నారంటే ఇంకెవరైనా సంతోషిస్తారు. అనూష మాత్రం గంటలు లెక్కపెట్టుకుంది.

సోమవారం రావచ్చు. బుధవారం రావచ్చు. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా వచ్చినా చాపలు పరిచి కూర్చోబెడతారు. మంగళ, గురు, శనివారాలు మాత్రం ఆ ఇంటి గడప ఎవరూ తొక్కకూడదు. ఆ మూడు రోజులూ అనూష తండ్రి అంద్రెయ మధ్యాహ్నం నాలుగు మెతుకులు తిని డయాలసిస్‌కి వెళతాడు. నాలుగు గంటలు మంచం మీద పడుకుని, ఒంట్లో రక్తమంతా మిషన్ చేత కడిగించుకుని, ఏడున్నరకి ఇంటి ముందు ఆటో దిగుతాడు. దిగేటప్పటికి మొహం సున్నం కొట్టినట్టుంటుంది. ఎడమ చేతికి దూది, దాని మీద ప్లాస్టరు. కిడ్నీ జబ్బుకి పేరుపడ్డ ఉద్దానంలో పుట్టినవాళ్ళకైతే ఆ చెయ్యి కూడా చూడక్కర్లేదు, ఆ నడక చాలు.

కాబోయే అత్తగారు రత్నాలమ్మ ఆ నడక చూడకూడదు. ఆదివారం దాకా చూడకూడదు.

ఆదివారం అనూషకి ప్రధానం. పెళ్ళికొడుకు షాలేమ్ రాజు కోటబొమ్మాళి దగ్గర కరెంటు సబ్‌స్టేషన్లో షిఫ్టు ఆపరేటరు, రత్నాలమ్మకి ఒక్కడే కొడుకు. రెండేళ్ళ క్రితం యువజన కూటాల్లో వడ్డన దగ్గర కలిశారు. సాంబారు బకెట్టు ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని మొదలైన మాటలు ఇక్కడిదాకా వచ్చాయి. అంతకుముందు అనూషకి మూడు సంబంధాలు వచ్చిపోయాయి. మూడూ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగాయి. మీదే ఊరమ్మా అని అడిగేవారు. జలంత్రకోట పక్కన అనగానే టీ గ్లాసులు సగంలో కిందికి దిగేవి. నీళ్ళో, ఎండో, మరొకటో, కిడ్నీలు పాడవడానికి కారణం ఇదీ అని పెద్ద పెద్ద డాక్టర్లు తేల్చలేకపోయారు గానీ సంబంధాలు చూసేవాళ్ళు ఎప్పుడో తేల్చేసుకున్నారు. ఆ నీళ్ళు తాగి పెరిగిన పిల్ల వద్దంటే వద్దు.

అక్కడ ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే జబ్బేమిటని అడగరు. "ఎంతుంది?" అని అడుగుతారు. కిడ్నీలు పాడయ్యేకొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ అనే మాట నోరు తిరగని ముసలమ్మ కూడా తన అంకె పాయింటుతో సహా చెబుతుంది. అంద్రెయ అంకె తొమ్మిది దాటిన నెలలోనే ఊళ్ళో ఇంటికి తాళం వేసి పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో ఈ అద్దె ఇంట్లో దిగారు. డయాలసిస్ సెంటరు దగ్గర, ఎరిగినవాళ్ళు దూరం. షాలేమ్ రాజు వాళ్ళకి ఉన్నదంతా చెప్పారు, ఈ ఒక్కటి తప్ప.

"ప్రధానం అయిపోనీ. తరవాత వదినకి నానే మెల్లిగా సెప్తాను. అప్పుడు కాదనలేరు," అంది తల్లి సువర్ణమ్మ. అది మోసమని అనూషకి తెలుసు. సిగ్గుగానూ ఉంది. కానీ షాలేమ్ రాజు కూడా టీ గ్లాసు సగంలో దించి వెళ్ళిపోతే తను తట్టుకోలేదు. ఆ భయం ముందు సిగ్గు నిలబడలేదు.

ఆ మంగళవారం మూడు గంటలకి రత్నాలమ్మ ఫోను చేసింది. "వదినా, అబ్బాయికి పలాసలో పనుంటే ఇద్దరం వచ్చినాం. పనైపోనాది. ఆరింటికలా మీ ఇంటికొచ్చీసి, ఏడుంబావు బస్సుకి ఎల్లిపోతాం. పిల్ల ఏదో పాస్తా సేత్తాదట గదా, మావోడు ఒకటే గోల. అదే సెయ్యమను, ఇంకేటీ వొద్దు."

ఒంట్లో బాగోలేదనో, ఊళ్ళో లేమనో అనొచ్చు. సువర్ణమ్మ నోట "అలాగే రండి వదినా" తప్ప వేరే మాట రాలేదు. ఫోను పెట్టేశాక మాత్రం తల బాదుకుంది.

ఏడుంబావుకి వాళ్ళ బస్సు. ఏడున్నరకి నాన్న ఆటో. మధ్యన పావుగంట. తల్లి ఫోను చేసి చెప్పగానే అనూష తను పనిచేసే జీడిపప్పు ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ సెక్షన్లో పర్మిషన్ అడిగి, దారిలో చికెనూ, పాస్తా పాకెట్టూ, టమాటాలూ, క్రీమూ కొనుక్కుని, నాలుగున్నరకి ఇంటికొచ్చి పడింది. తల్లీకూతుళ్ళిద్దరూ ఇల్లు సర్దారు. సర్దడం కాదు, దాచడం. ఆస్పత్రి ఫైలు బియ్యం డబ్బా వెనక్కి వెళ్ళింది. మాత్రల డబ్బా బీరువాలోకి వెళ్ళింది. పెన్నుతో గీతలు గీసిన నీళ్ళ సీసా, అంద్రెయ రోజుకి తాగాల్సినన్ని నీళ్ళు పొద్దున్నే కొలిచి పోసుకునేది, మంచం కిందికి పోయింది. టీపాయి మీది బైబిలు తీసి అలమరలో పెడుతూ అనూష ఒక్క క్షణం ఆగింది. అందులో కీర్తనల దగ్గర ఒక తెల్ల స్లిప్పు ఉంది. అది అమ్మక్కూడా తెలియదు. ఏడు నెలల క్రితం వీధిలోకి రక్తపరీక్షల శిబిరం వచ్చినప్పుడు తన పేరు రాసి ఇచ్చిన చీటీ. ఆ రోజు ఫ్యాక్టరీలో లోడు ఉందని తప్పించుకుంది. లోడూ లేదు, ఏమీ లేదు. సూది పొడిపించుకోడానికి భయపడలేదు, అంకె వినడానికి భయపడింది. స్లిప్పు అలాగే మడతలో ఉంచి అలమర మూసింది.

ఆరుకి రావలసినవాళ్ళు ఆరుంబావుకి వచ్చారు. షాలేమ్ రాజు కొంచెం వాడినట్టున్నాడు. ఎండలో తిరిగాడేమో అనుకుంది అనూష. "ఏటి అనూ, పాస్తా అవ్వలేదా ఇంకా? వీధి చివరి నుంచే వాసనొత్తాదని అమ్మకి సెప్పుకుంటూ వచ్చేను," అన్నాడు. నవ్వింది గానీ కళ్ళు గోడ గడియారం మీదకి పోయాయి.

"అన్నయ్య లేడేటి?" అంది రత్నాలమ్మ, చెప్పులు విప్పుతూనే.

"సంఘం పనిమీద సోంపేట ఎల్లినారు వదినా. రాత్రికి గాని రారు," అంది సువర్ణమ్మ. నాలుగుసార్లు వల్లించుకున్న ఆ అబద్ధాన్ని ఆవిడ చెప్పుల వైపు చూస్తూ చెప్పింది.

రత్నాలమ్మ ముందుగదిలో కూర్చుంటుందనుకున్నారు. ఆవిడ కూర్చునే రకమా! ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్లో వంట చేసిన మనిషి. నూటపాతిక మందికి ఒంటిచేత్తో గంటె తిప్పింది. వంటింటి వాసన రాగానే కాళ్ళు అటే నడిచాయి. ప్లాస్టిక్ స్టూలు ఒకటి లాక్కుని పొయ్యికి రెండడుగుల దూరంలో చీర కుచ్చెళ్ళు సర్దుకుని కూర్చుంది.

"నీ పని నువ్వు సేసుకోవే. సూత్తాను. ఈ వయసులో కొత్త వంట నేర్సుకుంతే తప్పేటి?"

తప్పేమీ లేదు. అనూష పొయ్యి వైపు తిరిగింది. మందంగా ఉన్న పెద్ద స్టీలు గిన్నె పొయ్యి మీద పెట్టి, నూనె, కొంచెం వెన్న వేసింది. కారం, మిరియప్పొడి, వెల్లుల్లి పట్టించిన చికెన్ ముక్కలు వేసి ఎర్రగా వేయించింది. ఉల్లిపాయలు, టమాటా గుజ్జు, మళ్ళీ కారం. ఆ ఇంట్లో కారం చెయ్యి కొంచెం జాస్తి. ఉప్పు తగ్గించుకున్న ఇళ్ళలో నాలుకని బుజ్జగించడానికి కారమే దిక్కు.

"అంతా ఈ గిన్నెలోనేనా?"

"అవునత్తయ్యా. ఇదే గిన్నెలో పాస్తా కూడా పోసేసి, సరిపడా నీళ్ళు పోసి మూతెట్టీడమే. ఆ నీళ్ళు అదే పీల్చీసుకుంటాది. అప్పుడు పాలూ క్రీమూ. ఏదీ వార్చక్కర్లేదు, పారబొయ్యక్కర్లేదు."

ఆ మాట అంటూంటే అనూష గొంతులో నిజంగానే ముచ్చట పలికింది. పాస్తా ఆ పిల్లకి ఎందుకంత ఇష్టమో రత్నాలమ్మకేం తెలుసు? అంద్రెయ కిడ్నీలకి పడని పొటాషియం నీళ్ళతో పోవాలని ఆ ఇంట్లో బంగాళాదుంపలు ముక్కలు కోసి నానబెట్టి, ఉడకబెట్టి, వార్చి, మళ్ళీ ఉడకబెట్టి వారుస్తారు. ఆకుకూరదీ అదే గతి. మామూలుగా టమాటా గుమ్మం తొక్కదు. నాలుగేళ్ళుగా కూరల రుచంతా తూములోకే పోతోంది. ఫ్యాక్టరీ స్నేహితురాలు ఫోనులో ఈ వంట వీడియో చూపించినప్పుడు, ఏదీ పారబోయని వంట ఒకటుందని అనూషకి ఏడుపొచ్చినంత పనైంది. తండ్రి డయాలసిస్‌కి వెళ్ళిన గురువారాలు రెండుసార్లు దొంగతనంగా చేసుకుని, తల్లీకూతుళ్ళు తిని, గిన్నె తోమేసి పెట్టారు. ఆ సంబరంలోనే ఫోనులో షాలేమ్ రాజుకి గొప్పలు చెప్పుకుంది. ఆ గొప్పలే ఇప్పుడు నెత్తిమీదికొచ్చాయి.

గొట్టాల పాస్తా పోసింది. నీళ్ళు పోసింది. తల్లి గుమ్మంలోంచి కళ్ళతో సైగ చేస్తే గుర్తొచ్చి ఉప్పు కూడా ఆ నీళ్ళలోనే వేసి, మూత పెట్టింది. గడియారం ఆరూ ముప్ఫై అయిదు.

"జీడిపప్పు రుబ్బి పోస్తే సిక్కగా వత్తాది గదా? క్రీమెందుకు, కొనుక్కోవడం?" అంటూ రత్నాలమ్మ లేచి డబ్బాలు చూడసాగింది. ఒకటి, రెండు, మూడు. "ఏటే, పలాసలో ఇల్లు, జీడిపప్పు ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఇంట్లో ఒక్క పలుకు లేదా?"

పొటాషియం ఎక్కువని డాక్టరు వద్దన్న రోజు నుంచి ఆ ఇంట్లోకి జీడిపప్పు రాలేదు. "పొద్దంతా అక్కడ అదే సూత్తే ఇంటికొచ్చాక మొహం మొత్తుతాది అత్తయ్యా," అంది అనూష.

"ఊఁ. ఆవకాయ జాడీ కనపడదేటి?"

"ఈ యేడు పెట్టలేదు వదినా, బూజొచ్చీసింది," అని సువర్ణమ్మ గుమ్మంలోంచి అందుకుంది. పెట్టలేదా, బూజొచ్చిందా? రెండూ ఒక్క వాక్యంలో ఎలా కుదురుతాయి? రత్నాలమ్మ అడగలేదు. వచ్చి మళ్ళీ స్టూలు మీద కూర్చుంది. ఆవిడ అడగకపోయేసరికి అనూషకి మరీ భయమేసింది.

అప్పుడే వీధిలో ఆటో ఆగిన చప్పుడైంది.

అనూష గడియారం చూసింది. ఆరూ నలభై అయిదే కదా! మిషన్ ఆగిపోతే, బీపీ పడిపోతే ఒక్కోసారి ముందే పంపించేస్తారు. సువర్ణమ్మ పరుగున వీధిలోకి వెళ్ళింది. అనూష చెవులు వీధిలో, కళ్ళు తలుపు మీద పెట్టుకుని, చేతుల్ని వాటి మానాన వాటిని వదిలేసింది. ఆ చేతులకి తెలిసిన పని ఒకటుంది. గిన్నె ఉడుకుతోంది, మూత ఎగురుతోంది. గుడ్డ తీశాయి. గిన్నె చెవులు గుడ్డతో పట్టి, మూత ఓరగా నొక్కి, సింకు మీదికి వంచాయి. ఎర్రటి నీళ్ళు, వెన్న, వెల్లుల్లి, వేసిన ఉప్పు, అంతా బుసబుసమంటూ తూములోకి దిగిపోయింది.

"పక్కింటోళ్ళకి," అని సువర్ణమ్మ గొంతు వినిపించింది వీధిలోంచి.

అనూష సింకులోకి చూసింది. గిన్నెలో చికెనూ, సగం ఉడికిన పాస్తా పొడిపొడిగా మిగిలాయి. నీళ్ళు ఒక్క చుక్క లేవు. వెనక్కి తిరగడానికి ధైర్యం చాలలేదు.

"ఏదీ వార్చక్కర్లేదన్నావు గదే," అంది రత్నాలమ్మ.

"అలవాటు... అన్నం వార్చే అలవాటు అత్తయ్యా."

"అన్నానికి మూత అలా ఎట్టరే. ముక్క జారకుండా, నీరు సుక్క మిగలకుండా, రెండో వంపు కూడా వంచినావు. కూరకి వార్చే వార్పు అది." ఆవిడ కళ్ళు అనూష చేతుల మీదే ఉన్నాయి. గద్దింపు లేదు, ఆశ్చర్యం కూడా లేదు. ఏదో పాత పాట ఎక్కడో విన్నట్టు కాసేపు అలా చూసి, కొంగు నడుముకి చెక్కింది. "సరే, జరుగు. పాలున్నాయా? మైదా ఉందా?"

అనూషని పక్కకి జరిపి ఆవిడే గిన్నె అందుకుంది. చల్లటి పాలల్లో రెండు చెంచాల మైదా ఉండ కట్టకుండా కలిపి పోసింది. మిగిలిన పాలు, క్రీమూ పోసింది. మంట తగ్గించి అడుగంటకుండా తిప్పుతూ పాస్తా ఆ పాలల్లోనే ఉడికించింది. మళ్ళీ కారం, మళ్ళీ మిరియాలు. పది నిమిషాల్లో గిన్నెలో చిక్కగా, నారింజ రంగులో ఊరించేలా తయారైంది. గరిటె కొసతో అరచేతిలో చుక్క వేసుకుని నాలిక్కి రాసుకుంది.

"అన్నీ సరిపోనాయి. దింపీ."

ముప్ఫై ఏళ్ళ వంటమనిషి సరిపోయిందంటే ఇంక రుచి చూసేదేముంది? అనూష దించేసింది. ఆవిడకి అర్థమైపోయిందా, లేదా? అయితే ఎందుకు అనదు? అనకపోతే ఎందుకలా చూసింది? ఏడు అయింది.

నలుగురూ కూర్చున్నారు. అనూష ముగ్గురికీ వడ్డించింది. "ప్రార్థన సేద్దాం," అంది రత్నాలమ్మ. ఆవిడ ప్రార్థన ఎప్పుడూ పొడుగే. ఈ రోజు ఇంకా పొడుగైంది. వండిన చేతుల్ని దీవించమంది, ఆదివారం జరగాల్సిన శుభకార్యాన్ని నీ చేతుల్లో పెడుతున్నామంది. చివర్లో గొంతు తగ్గించి, "ఈ ఇంటి యజమానుడు ఏ మంచం మీదున్నా, ఏ దారినొస్తున్నా, నీ కాపుదల్లో ఇల్లు సేర్చు తండ్రీ," అంది. ఏ మంచం మీదున్నా! అనూష కళ్ళు తెరిచి చూసింది. రత్నాలమ్మ కళ్ళు మూసుకునే ఉన్నాయి. సువర్ణమ్మ ఆమెన్ అనడం మరిచిపోయింది.

షాలేమ్ రాజు మొదటి ముద్దకే కనుబొమలు ఎగరేశాడు. "అబ్బ, కారం ఇరగదీసినావు అనూ!" కళ్ళల్లో నీళ్ళు, ముక్కు మీద చెమట. అయినా ప్లేటు ఖాళీ చేసి మళ్ళీ చాపాడు. "ఇదేటమ్మా, ఇంత రుచిగా బయట తిన్నప్పుడు కూడా లేదు."

"బాగా కుదిరింది," అంది రత్నాలమ్మ.

"కుదిరింది వదినా," అంది సువర్ణమ్మ, గడియారం వైపు చూస్తూ.

ఏడూ అయిదు. ఇంకో అయిదు నిమిషాల్లో లేస్తారు, బస్సెక్కుతారు, అయిపోతుంది. అనూష తన ప్లేటులో రెండు చెంచాలు వేసుకుని నోట్లో పెట్టుకుంది.

చప్పిడి.

కారం మండుతోంది, పాలు కమ్మగా ఉన్నాయి, చికెన్ మెత్తగా ఉంది. ఉప్పు మాత్రం ఎక్కడా తగల్లేదు. వేసినదంతా నీళ్ళతో పాటు తూములోకి పోయింది, మళ్ళీ ఎవరూ వెయ్యలేదు. ఫ్యాక్టరీలో రోజూ పక్కవాళ్ళ డబ్బాల్లో కూరలు తినే నాలుక కాబట్టి దానికి వెంటనే తెలిసింది. అమ్మకి తెలియలేదు. అమ్మ నాలుగేళ్ళుగా నాన్నతో సమానంగా చప్పిడే తింటోంది, ఆవిడ నాలుక ఉప్పు అడగడం మానేసి చాలా కాలమైంది. సరే, అమ్మకి తెలియలేదు.

మరి వీళ్ళకి?

అనూష చెంచా ప్లేటులో పెట్టేసింది. లేచి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చి గిన్నె పక్కన పెట్టింది. "ఉప్పు సరిపోయిందా?" అంది.

"సరిగ్గా సరిపోయింది," అన్నాడు షాలేమ్ రాజు. వెంటనే అన్నాడు. మెహర్బానీకి చెప్పిన మాట కాదు. అలా మెహర్బానీకి చెప్పేవాడు రెండోసారి అంత పెట్టించుకోడు. రత్నాలమ్మ మాత్రం ముద్ద నోటి దాకా తెచ్చి ఆగింది. తన నాలుక కూడా చప్పిడికి అలవాటుపడిపోయిందని ఆవిడకి అప్పుడే తెలిసింది. వంటమనిషి కదా, అడిగాక తెలిసింది. ఆ ముద్ద మళ్ళీ ప్లేటులోకి దించి కొడుకు వైపు చూసింది.

అనూష కూడా అతని వైపే చూసింది. కారానికి మొహం కందిపోయింది, కళ్ళు కారుతున్నాయి. ఎదురుగా నిండు గ్లాసు నీళ్ళు. వడ్డించినప్పుడు ఎంతున్నాయో అంతే ఉన్నాయి. ఒక్క గుక్క తాగలేదు. పొద్దున్నుంచి పలాసలో ఏ పని మీద తిరిగాడో, ఎందుకు వాడిపోయి ఉన్నాడో, రత్నాలమ్మ కళ్ళు కూర వార్చే వార్పుని ఎందుకు గుర్తుపట్టాయో, అన్నీ అనూషకి ఒక్కసారే అర్థమయ్యాయి.

ఏడూ పది. మాట్లాడకుండా ఉండొచ్చు. వాళ్ళూ దాచారు, మేమూ దాచాం, చెల్లుకి చెల్లు. బస్సుకి వెళ్ళిపోతారు. ఆదివారం ప్రధానం జరిగిపోతుంది. రెండేళ్ళుగా కోరుకున్నది జరిగిపోతుంది. తర్వాత సంగతి తర్వాత. తల్లి కళ్ళు కూడా అదే అంటున్నట్టున్నాయి. కానీ నాన్న మంచం కింది సీసా గీతలు గుర్తొచ్చాయి. రోజూ ఆ గీతల దగ్గర అమ్మ నాన్నతో పడే పోట్లాట గుర్తొచ్చింది. ఇంకో ఇంట్లో ఇంకో సీసా, దానికి గీతలు గీసేది తను. ఆ సంగతి తనకి చెప్పకుండా తన చేతికి ఉంగరం తొడుగుదామనుకున్నారు. కోపం తన్నుకొచ్చింది. కోప్పడే హక్కు తనకి లేదని తెలిసి ఇంకా ఎక్కువ వచ్చింది.

"బావా," అంది. "ఎంతుంది?"

"ఏటే ఆ మాటలు, తినే కాడ!" అని సువర్ణమ్మ లేవబోయింది.

షాలేమ్ రాజు చెంచా కింద పెట్టాడు. అటూ ఇటూ చూడలేదు. "మూడు పాయింటు ఒకటి," అన్నాడు. "పోయిన నెల రెండు పాయింటు ఆరు. ఇయ్యాల రిపోర్టు కోసమే వచ్చేం. కాళ్ళు పొంగుతున్నాయని నీళ్ళు కూడా కొలత పెట్టారు."

"ఎప్పుడు చెబుదామనుకున్నావు?"

"ప్రతి ఫోనులోనూ. సెబితే నువ్వు ఫోను పెట్టీసి మళ్ళీ సెయ్యవేమోనని..." అంటూ ప్లేటు పక్కకి జరిపాడు.

"ఆడి తప్పు లేదే," అంది రత్నాలమ్మ. "ప్రధానం అయిపోనీరా అని నానే ఆపినాను. ఆడి నాయన గుండెపోటుతో పోనాడని గదా సెప్పినాను మీకు? గుండె కాదు. మాదీ ఉద్దానమే, కంచిలి పక్క. అయిదేళ్ళు నా సేత్తో వార్చి పెట్టినాను ఆయనకి. సెయ్యి మరిసిపోతాదా? అందుకే నీ సెయ్యి సూడగానే తెలిసిపోనాది." ఆవిడ సువర్ణమ్మ వైపు తిరిగింది. "నువ్వు నాకు సెప్పినావా వదినా? నాను నీకు సెప్పినానా? ఇద్దరం ఒక్క బడిలోనే సదువుకున్నాం."

సువర్ణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఎవరూ ఓదార్చలేదు. రోడ్డు మీద బస్సు హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. అది వాళ్ళ బస్సేనని నలుగురికీ తెలుసు. ఎవరూ కదల్లేదు.

ఆటో వచ్చింది. ఈసారి పక్కింటివాళ్ళకి కాదు. అంద్రెయ గుమ్మం పట్టుకుని లోపలికొచ్చి, ఉన్నవాళ్ళని చూసి, చొక్కా చెయ్యి గబగబా కిందికి లాక్కోబోయాడు. లాక్కునే ఓపిక లేక మధ్యలో వదిలేశాడు. రత్నాలమ్మ లేచి వెళ్ళి, ప్లాస్టరు లేని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఎన్ని కేజీలు తీసినారు అన్నయ్యా ఇయ్యాల?"

ఒంట్లో చేరిన నీరు మిషన్ ఎంత లాగిందని. ఆ ప్రశ్న అలా అడగాలని తెలిసినవాళ్ళు వేరే చెప్పుకోనక్కర్లేదు. అంద్రెయ ఆవిడ మొహంలోకి చూసి, "రెండున్నర, సెల్లమ్మా," అన్నాడు. నాలుగేళ్ళ బరువు దించుకున్నట్టు వీపు వెనక్కి ఆనించాడు. తర్వాత గిన్నె వైపు చూసి, "మంచి వాసనొత్తంది. డయాలసిస్ అయిన పూట కొంచెం తినొచ్చు గదా, నాకూ రవ్వంత పెట్టమ్మా," అన్నాడు.

అనూష రెండు చెంచాలు పెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని నమిలాడు. "ఉప్పూ కారం భలే కుదిరినాయి," అన్నాడు.

ఎవరికీ నవ్వు రాలేదు. షాలేమ్ రాజు ఆయన ఎడమ చేతి వైపే చూస్తున్నాడు. మోచేతి కింద ఉబ్బిన నరం, దాని మీద దూది. రేపో, ఏడాదికో, పదేళ్ళకో తన చెయ్యి ఎలా ఉంటుందో చూసుకుంటున్నాడని అనూషకి తెలిసిపోయింది. కోపం ఎటు పోయిందో పోయింది. లేచి అతని పక్క కుర్చీలో కూర్చుంది.

"నాను ఇక్కడికొచ్చేటప్పుడు ఒకటనుకున్నాను," అన్నాడతను మెల్లిగా, ఆమెకి మాత్రమే వినపడేటట్టు. "నిన్నొకటి అడగాలని. నాది సెప్పకుండా నీది ఎలా అడుగుతానని నోరు రాలేదు. ఇప్పుడడగొచ్చా?"

"అడుగు."

"నీకెంతుంది అనూ?"

అదే నీళ్ళు, అదే ఊరు, ఇరవై నాలుగేళ్ళు. ఎదుటివాళ్ళ అంకెలన్నీ ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అనూష లేచి అలమర తెరిచి, బైబిల్లోంచి స్లిప్పు తెచ్చి అతని ముందు పెట్టింది. ఏడు నెలల నాటి తారీఖు, తన పేరు, వయసు. అంకె ఉండాల్సిన చోటు ఖాళీ. సువర్ణమ్మ ఆ కాగితం చూసి ఏడుపు ఆపేసింది. కూతురు వైపు ఎన్నడూ చూడనట్టు చూసింది.

"తెలీదు బావా. భయమేసి వెళ్ళలేదు."

"రేపు నాకు రాత్రి షిఫ్టు. పొద్దున్న ఖాళీయే," అన్నాడు. "ఎనిమిదింటికి వత్తాను. ఇద్దరం పరీక్షకి ఎల్దాం."

"మరి ఆదివారం?" అంది సువర్ణమ్మ.

"ముందు ఇది," అంది అనూష.  షాలేమ్ రాజు తన ముందున్న నిండు గ్లాసు ఆమె వైపు జరిపాడు. కారానికి నోరు మండుతోంది, ఫ్యాక్టరీ నుంచి వచ్చాక అనూష గుక్కెడు తాగలేదు. గ్లాసెత్తి గటగటా తాగసాగింది. కొలత దాటి తాగకూడని అతను ఆ నీళ్ళనే చూస్తున్నాడు. అది చూసి అనూష సగంలో ఆపేసింది, గ్లాసు కింద పెట్టేసింది.